ఐదు మూలల నట్టు

ఒక ఫిర్యాదు మీద నేను చేసిన సంతకం ఇప్పటికీ ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటుంది. ఆ ఫిర్యాదు తప్పని తర్వాత నేను రాసిచ్చిన కాగితం ఎక్కడ ఉన్నదో, దానిని ఎవరైనా దాచారో లేదో నాకు తెలియదు. నేరం మోపే కాగితానికి ఉన్న ఆయుష్షు నేరం తొలగించే కాగితానికి ఉండదు. ఉద్యోగకాలమంతా కాగితాల మధ్య గడిపినవాణ్ణి కనుక ఈ మాట అనుభవంతోనే అంటున్నాను. అందువల్ల ఈ సంగతిని వేరొక చోట, మొదటి నుండి చివరి వరకు, రాసి ఉంచవలసిన బాధ్యత నా మీద ఉన్నది. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. నన్ను నేను దాచుకోవడానికి కాదు. నేను నేరం మోపిన మనిషి పేరును ఇప్పటికే ఒకసారి రాయకూడని చోట రాశాను.

నేను పల్లెల్లో చేతిపంపుల బాగోగులు చూసే ఇంజనీరుగా పనిచేశాను. మా వైపు చేతిపంపును బోరింగు అంటారు. నేనూ అలాగే అంటాను. తొంభైల మొదట్లో నన్ను కుప్పంలో వేశారు. రెండు రాష్ట్రాల పొలిమేరలు అక్కడ చేతికందే దూరంలో ఉంటాయి. ఇక్కడ విప్పిన ఇనుము పొద్దెక్కేలోగా వేరే భాష మాట్లాడే గుజిరీ అంగడిలో పాత సామాను కింద చేరిపోయేది. బోరింగు తలకాయను దాని కింది తొట్టికి నాలుగు బోల్టులు, తొట్టిని నేలలో పాతిన దిమ్మకు మరో నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. ముందువైపు మూతకు ఇంకొకటి ఉంటుంది. చిల్లరదొంగలు ఆ బోల్టులతోనే సరిపెట్టుకునేవారు. పెద్దదొంగకు కావలసింది అవి కావు. వాటిని విప్పితే తలకాయ, పిడి, గొలుసు, బోరులో వేలాడే పైపులు అన్నీ అతని వశమవుతాయి. కుప్పంలో నా మొదటి వేసవిలోనే, ఉదయం నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు నేలలో ఉత్త రంధ్రాన్ని చూసి తిరిగిపోయిన ఊళ్లు కొన్ని ఉన్నాయి.

బోల్టును పరాయి చేయి విప్పకుండా చేయడానికి అప్పటికి మాకు తెలిసిన మార్గాలు నాలుగు. మొదటిది, బిగించిన తర్వాత నట్టు దాటి బయటికి వచ్చిన బోల్టు కొసను సుత్తితో కొట్టి, పుట్టగొడుగులా అణచడం. దొంగకు అడ్డమైన మాట నిజమే. కాని బోరింగు చెడినప్పుడు మా మేస్త్రీ కూడా రంపపు బ్లేడుతో పూటంతా కోయవలసి వచ్చేది. రెండవది, నట్టూ బోల్టూ కలిసే అంచు మీద సెంటర్ పంచ్‌తో మూడు చోట్ల పొడిచి మరను చెరపడం. పొడవాటి పానా ఉన్నవాడిని అది ఆపలేదు. మూడవది, ఒక నట్టు మీద మరొక నట్టు బిగించడం. దీనివల్ల దొంగకు ఒకటికి రెండు నట్లు దక్కాయి. నాలుగవది వెల్డింగు. దానితో దొంగతనం పూర్తిగా ఆగిపోయింది. మరమ్మతు కూడా ఆగిపోయింది. పైపులలోని తోలు వాషరు అరిగి నీళ్లు రాకపోతే, ఆ అతుకును గ్యాసుతో కోయవలసి వచ్చేది. కోసినప్పుడు ప్లేటు కాలి వంకర తిరిగేది. ఆ తర్వాత ఆ బోరింగు ఎప్పుడూ సరిగ్గా కూర్చునేది కాదు.

ఈ నాలుగు అనుభవాల నుండి నేను ఒక సూత్రం ఏర్పరచుకున్నాను. ఎవరూ విప్పలేని బోల్టు మంచి బోల్టు కాదు. విప్పే హక్కు ఉన్నవాడు మాత్రమే విప్పగలిగినది మంచి బోల్టు. ఈ సూత్రం సరైనదని నేను నేటికీ నమ్ముతున్నాను. ఆ హక్కు ఎవరిదన్న ప్రశ్నను మాత్రం నేను చాలా తొందరగా ముగించాను.

తొంభైల చివర మదనపల్లెకు బదిలీ అయినప్పుడు ఆ సూత్రానికి ఒక ఆకారం దొరికింది. మామూలు నట్టుకు ఆరు మూలలు. ఎదురెదురు ముఖాలు సమాంతరంగా ఉంటాయి గనుక పానా రెండు వైపులా పట్టుకుంటుంది. నట్టుకు ఐదు మూలలే ఉంటే ఏ ముఖానికీ ఎదురు ముఖం ఉండదు. సంతలో దొరికే ఏ పానా అయినా జారిపోతుంది. దానిని విప్పాలంటే ఐదు మూలల గుంట ఉన్న పానాయే కావాలి. బోల్టు తలకు ఒకటి, నట్టుకు ఒకటి, అంటే జత పానాలు. ఈ బొమ్మను కొలతలతో గీసి, బస్టాండుకు కొంత దూరంలో లేతు పెట్టుకున్న ఒక పెద్దవయసు సాయిబు దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఐదు మూలలా? ఏం సాబ్, ఆరింటిలో ఒగటి మీరు లంచంగా తీసుకుంటాండారా?"

లేతు దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. కారణం వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"దిమాక్ బాగానే ఉండాది. జేసిస్తాను. గానీ సాబ్, నేను జేసింది ఇంగొగుడు చెయ్యలేడని మాత్రం అనుకోవద్దండి. ఆకురాయి ఎవురి చేతిలో ఉంటే ఇనుము వాళ్ల మాటే ఇంటాది."

"అట్లా దొంగపానా చేసేవాడు దొంగే అవుతాడు కదా. పట్టుకోవడం తేలిక," అన్నాను.

"యాల సాబ్? అక్కర పడినోడు గూడా జేస్తాడు."

అది బదులు చెప్పవలసిన మాటగా నాకు తోచలేదు.

మూడు జతల పానాలు చేయించాను. ఒకటి మదనపల్లెకు, ఒకటి పుంగనూరుకు, ఒకటి కుప్పానికి. ప్రతి జత మీద అంకె పొడిపించాను. పానా బీరువాలో ఉండాలి. బీరువా తాళం అధికారి దగ్గర ఉండాలి. తీసుకున్నవాడు రిజిస్టరులో తేదీ, ఊరు, పని, తిరిగి ఇచ్చిన వేళ రాసి సంతకం చేయాలి. దీనికి తోడు, బిగించిన ప్రతి నట్టు మీదుగా ప్లేటు మీదికి ఎర్ర రంగుతో ఒక సన్నని గీత గీయించాను. నట్టు ఏమాత్రం తిరిగినా గీత తెగి రెండు ముక్కలవుతుంది. కన్ను లేని చోట గీతే కాపలా. పై అధికారులు ఈ ఏర్పాటును మెచ్చుకున్నారు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత నేను పుంగనూరులో ఉన్నాను. పెద్దపంజాణి వైపు ఒక పల్లెలో ఈ నట్లు బిగించిన రోజు నాకు స్పష్టంగా జ్ఞాపకం ఉన్నది. ఊరంతటికీ ఒకటే బోరింగు. చుట్టూ బిందెలు, బిందెల వెనుక ఆడవాళ్లు. వారిలో ఒక ముసలామె నడుం మీద చేయి పెట్టుకుని మా మేస్త్రీ పనిని చివరిదాకా చూసి నాతో అన్నది:

"మా ఇంటి తలుపుకి గొళ్లెం గూడా ల్యాదు సార్. బోరింగుకి మాత్రం కలెక్టరు బందోబస్తు!"

"ఇదంతా మీ మంచి కోసమే అమ్మా."

"మాకోసరమే అయితే ఆ పానా మాకీరాదా?"

"మీకు ఇస్తే మళ్లీ దొంగ చేతికి పోతుంది."

"సరిపోయిండాది. నీళ్లు మాకాడ, పానా నీకాడ. నీకు దప్పికైతే నువ్వు రా, మాకు పంపు చెడితే మేం వస్తాము. బస్సు చార్జీ ఎవురప్పా ఇచ్చేది?"

ఆడవాళ్లందరూ నవ్వారు. మా మేస్త్రీ కూడా తల వంచుకుని నవ్వాడు. అతణ్ణి నేను మందలించాను.

ఆ ఊరి బోరింగును అంతవరకు చూసుకుంటున్నది ఊరి చివర రేకుల కింద సైకిళ్లు బాగుచేసే ఒక మనిషి. అప్పటికి నలభై దాటి ఉంటాయి. మితభాషి. ఊరికొకరికి చిన్న మరమ్మతులు నేర్పించే శిక్షణకు పూర్వం వచ్చి ఉన్నాడు. మేము ఇచ్చిన చిత్రపటాన్ని అంగడిలో గోడకు అంటించుకున్నాడు. ఆ ప్రాంతపు ఊళ్లలో ఒక అలవాటు ఉండేది. ఎనిమిది బోల్టులలో నాలుగింటిని, పైన రెండు కింద రెండు ఎదురెదురు మూలల నుండి, విప్పి, గ్రీసు పూసి, నమ్మకమైన ఒకరి ఇంట్లో దాచేవారు. ఈ ఊళ్లో ఆ నమ్మకమైన ఇల్లు ఆయనదే. ఆ నాలుగూ ఒక డాల్డా డబ్బాలో ఉండేవి.

"దొంగనాయాళ్లు వచ్చినా నాలుగే పోతాయి సార్. తెల్లారినాంక ఈ నాలుగూ బిగించుకుంటాము. నీళ్లు నిలిచిపోవు," అని ఆయన నాకు చెప్పాడు.

ఇది నాకు ఘోరమైన క్రమభంగంగా కనిపించింది. ఎనిమిది రంధ్రాలు ఉన్నవి ఎనిమిది బోల్టుల కోసమే. నాలుగింటి మీద నడిచే బోరింగు ఊగి ఊగి మిగిలిన నాలుగింటినీ అరగదీస్తుంది. ఈ మాట ఆయనకు గట్టిగానే చెప్పి, పాత ఆరుమూలల బోల్టులన్నీ మా మేస్త్రీకి అప్పగించమన్నాను. ఆయన సరేనన్నాడు. ఎన్ని అప్పగించాడో ఆ రోజు నేను చూసుకోలేదు. ప్రతిదీ సరిచూసుకోవడం అలవాటైన నేను, పాత ఇనుము కదా అని ఆ ఒక్కటి వదిలేశాను.

తర్వాత రెండేళ్లు వానలు సరిగా పడలేదు. బోర్లు వేసే లారీలు రాత్రనక పగలనక తిరిగేవి. ఇనుప పైపులకు గిరాకీ పెరిగింది. ఒక వేసవిలో పెద్దపంజాణి, గంగవరం వైపు నా ఐదుమూలల నట్లు ఉన్న బోరింగులే వరుసగా మూడు పోయాయి. తలకాయలు, పైపులు, అన్నీ. ఇది నాకు వ్యక్తిగతమైన అవమానంలా తోచింది. ప్రతి చోటికీ స్వయంగా వెళ్లాను. దొంగలు విప్పి పారేసిన కొన్ని నట్లు దిమ్మల పక్కన మిగిలి ఉన్నాయి. వాటిని పరీక్షించి తనిఖీ పుస్తకంలో నా చేతితోనే ఇలా రాశాను: "మిగిలిన నట్ల మూలలు నలిగి ఉన్నవి. లోహం మీద గాట్లు ఉన్నవి." ఇంతవరకే. ఆ మాటకు అర్థమేమిటని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. రాయడంతో నా పని ముగిసిందనుకున్నాను.

నా ఆలోచన వేరే దారిలో నడిచింది. ఐదుమూలల నట్టును విప్పగలిగేది ఐదుమూలల పానా మాత్రమే. మా మూడు జతలూ బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. కనుక నాలుగో జత ఎక్కడో ఉన్నది. అది ఎవరి దగ్గర ఉంటే అతడే దొంగ.

ఆ నాలుగో జత నాకు ఆ పల్లెలోనే దొరికింది. తనిఖీకి వెళ్లి బోరింగు చూశాను. ఎర్ర గీతలు ఎక్కడా తెగలేదు. కాని మూత నట్టు మీది గీత రంగు వేరు. మాది ఇటుక ఎరుపు, ఇది సైకిలు రంగు. ఎవరో నట్టును విప్పి, మళ్లీ బిగించి, గీతను కలిపారు. తిన్నగా సైకిలు అంగడికి వెళ్లాను. ఆయన ట్యూబుకు ప్యాచి అంటిస్తున్నాడు. అడగకుండానే పైన రేకుల సందులో గుడ్డ చుట్టి పెట్టినది కనిపించింది. దించి విప్పితే జత పానాలు. లారీ కమాను కట్టలోని పట్టీని కోసి, ఆకురాయితో రాకి చేసినవి. బోరింగు దగ్గరకు తీసుకువెళ్లి నట్టుకు పెట్టి చూశాను. మదనపల్లె లేతులో చేయించిన మా పానా నట్టు మీద కొంచెం ఆడుతుంది. ఇది ఆడలేదు.

అప్పటికి బిందెల వాళ్లు చుట్టూ చేరారు. ఆయన భార్య కూడా వచ్చి నిలబడింది. మా మేస్త్రీ అంగడిలో వెతికి డాల్డా డబ్బాను తెచ్చాడు. అందులో మా శాఖ గుర్తు ఉన్న పాత బోల్టులు, గ్రీసులో మునిగి.

"ఇవి ఎవరివి?" అని అడిగాను.

"ఊరివి సార్."

"ఇవి ప్రభుత్వానివి. గీత మీద రంగు ఎవరు వేశారు?"

"నేనే సార్. గీత తెగింది సూస్తే మీరు కోపం జేస్తారని."

ఈ జవాబును నేను ఆ సాయంత్రమే ఫిర్యాదులో "సాక్ష్యాన్ని మాపే ప్రయత్నం" అని రాశాను. నాకు కోపం వస్తుందని ఒక మనిషి భయపడ్డాడు. ఆ భయానికి నేను పెట్టిన పేరు అది. దొంగపానాలు, దాచిన బోల్టులు, కలిపిన గీత, మూడూ ఒకే చోట దొరికాయి. ఇరుగు పొరుగు ఊళ్లలో మూడు బోరింగులు పోయాయి. నా దృష్టిలో ఇంక సందేహానికి తావు లేదు. వెళ్లబోతుంటే ఆ ముసలామె జీపుకు అడ్డం వచ్చింది.

"ఏమప్పా, వానికేమన్నా పిచ్చా? ఊరి నీళ్లు ఊరోడే ఎత్తకపోతాడా? వాడు దొంగైతే నేను దొరసానిని!"

"అది విచారణలో తేలుతుంది," అన్నాను.

విచారణ నేననుకున్న పద్ధతిలో జరగలేదు. ఆయనను స్టేషనుకు తీసుకువెళ్లారు. ఏ స్టేషను అన్నది ఇక్కడ అనవసరం. పోయిన పైపులు ఎక్కడ దాచావని అడిగారట. దాచనివాడు ఏ చోటు చూపగలడు? చూపలేదు కనుక మళ్లీ అడిగారు. ఆ తర్వాత సబ్‌జైలుకు పంపారు. పానాలనూ డబ్బానూ సాక్ష్యంగా కట్టగట్టి ఉంచుకున్నారు.

ఆయన లోపల ఉన్న రోజుల్లోనే ఆ ఊరి బోరింగులో గొలుసు పట్టి ఉంచే బోల్టు విరిగింది. ముందు మూత తీసి, విరిగినది మార్చి, మూత వేస్తే సరిపోయే పని. మూతకు ఉన్నది ఐదుమూలల నట్టు. ఊరి పానా స్టేషనులో ఉన్నది. మా పానా పుంగనూరులో నా బీరువాలో ఉన్నది. బీరువా తాళం నా జేబులో ఉన్నది. నేను కరువు పనుల సమావేశాలకు మదనపల్లెలో ఉన్నాను. అక్కడి నుండి తనిఖీకి నేరుగా కుప్పం వెళ్లాను. ఊరివాళ్లు ఆఫీసుకు రెండుసార్లు వచ్చి వెళ్లారని తర్వాత తెలిసింది. బీరువా పగలగొట్టడానికి మా సిబ్బందిలో ఎవరికీ ధైర్యం చాలలేదు. అలాంటి ధైర్యం వారికి లేకుండా చేయడానికి నేను ఏళ్ల తరబడి శ్రమించాను.

చివరికి ఊరి మగవాళ్లు సుత్తి, ఉలి తెచ్చి నట్టును కొట్టారు. నట్టు ఊడలేదు, తలకాయ పగిలింది. తలకాయ కొత్తది వచ్చేదాకా ఆడవాళ్లు ఊరికి దూరంగా ఒక చేను బావిలో దిగి నీళ్లు మోశారు. ఆ బావి మెట్లు సగం విరిగినవి. నన్ను బస్సు చార్జీ అడిగిన ముసలామె ఆ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నది. మళ్లీ లేవలేదు. వానలు పడకముందే పోయింది. ఆమె పోయిన సంగతి కూడా నాకు మా మేస్త్రీ ద్వారా, వేరే పని మాట్లాడుతున్నప్పుడు, మధ్యలో తెలిసింది.

కొద్ది వారాలకు అసలు దొంగలు దొరికారు. బోర్ల లారీలో పని మానిపించబడిన ముగ్గురు. వాళ్ల దగ్గర ఉన్నది పళ్ల పైపు రెంచి. పైపును పట్టే ఆ రెంచికి మూలలతో పని లేదు. ఐదు మూలలైనా, అసలు మూలలే లేకపోయినా, పళ్లతో కరిచి తిప్పుతుంది. తిప్పేటప్పుడు మూలలను నలిపి లోహం మీద గాట్లు పెడుతుంది.

ఆ కబురు విన్న రోజు నేను ఆఫీసులో ఒంటరిగా కూర్చుని తనిఖీ పుస్తకం తెరిచాను. మూలలు నలిగి ఉన్నవి, గాట్లు ఉన్నవి అని నా అక్షరాలే నాకు కనిపించాయి. సరిగ్గా అమరిన పానా మూలను నలపదు. సైకిలు అంగడి పానా నా నట్టు మీద ఒక్క గీరు కూడా పెట్టలేదు. దానిని నేనే పెట్టి, తిప్పి, చూశాను. దొంగ చేతిలో అలాంటి పానా లేదనడానికి సాక్ష్యం ఆ మూడు ఊళ్లలోనూ నా కళ్లెదుట ఉన్నది. ఆయన నిర్దోషి అని ఫిర్యాదు రాయకముందే నా పుస్తకంలో నేనే రాసి ఉంచాను. చదువుకోలేదు.

మదనపల్లెలో పై అధికారిని కలిసి, ఫిర్యాదు పొరపాటని రాసిస్తానన్నాను. ఆయన చెడ్డవాడు కాడు. తలుపు వేసి మెల్లగా చెప్పాడు.

"అసలోళ్లు దొరికినారు కదా, ఆ కేసు దానంతట అదే ఎండిపోతాది. మీ పాటికి మీరు తప్పని రాసిస్తే రేపు మీ మీద విచారణ ఏస్తారు. ప్రమోషన్ లిస్టు కదులుతాండాది. కొన్నాళ్లు ఊరకుండండి."

నేను ఊరకున్నాను. అప్పటికి సైకిలు అంగడి మనిషి బెయిలు మీద బయటికి వచ్చాడు గాని కేసు ఆయన మీద అలాగే ఉన్నది. వాయిదాకు రమ్మంటే వెళ్తున్నాడు. ఊళ్లో కొందరు, ముఖ్యంగా పొరుగూరి వాళ్లు, ఆయనను ఇనుపదొంగ అనడం మొదలుపెట్టారు. ప్రమోషన్ల జాబితా వచ్చింది. అందులో నా పేరు ఉన్నది. ఆ తర్వాతనే నేను ఆ కాగితం రాశాను. ఈ క్రమాన్ని తారుమారు చేసి చెప్పుకోవాలని చాలాసార్లు అనిపించింది. జరిగిన క్రమం ఇదే.

కాగితం ఇచ్చిన మరునాడు ఆ ఊరికి వెళ్లాను. సైకిలు అంగడి మూసి ఉన్నది. ఇంటి అరుగు మీద ఆయన కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడి, "కూసోండి సార్," అన్నాడు. కుడి చేయి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. స్టేషనుకు వెళ్లి వచ్చాక వేళ్లు సగం వంగి ఆగిపోయాయి. పిడికిలి మూయడం రావడం లేదని కొంతసేపటికి తెలిసింది. ఆకురాయి పట్టి కమాను పట్టీని రాకిన చేయి అదే.

ఆయన భార్య చెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగండి సార్. మీ పంపువి కాదులే, బాయివి."

ఫిర్యాదు తప్పని రాసిచ్చానని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆమె ఊరుకోలేదు.

"ఇప్పుడు రాసిచ్చినారా? ఆ పొద్దు ఈ మనిసి మీకు మూడు తూర్లు జెప్పినాడు గదా సార్! గొలుసు కిర్రుమంటాంటే గ్రీసు పెట్టేదానికి పానా కావాలని పుంగనూరికి మూడు మాట్లు వచ్చి, సార్ లేడు పో అంటే తిరిగొచ్చినాను, ఇంగ గతి లేక జేసుకుంటిని అని మీ ముందర నిలబడి జెప్పినాడు. మీరు ఇన్లేదు."

"పోనీలే," అన్నాడు ఆయన.

"యాల పోనీల్లా? చెయ్యి పోయింది నీది!"

ఆఫీసుకు తిరిగి వచ్చి పానాల రిజిస్టరు మొదటి పుట నుండి చూశాను. పానా తీసుకున్నవారికి అందులో గడి ఉన్నది. తిరిగి ఇచ్చినవారికి గడి ఉన్నది. అడిగి, దొరకక తిరిగిపోయినవారికి గడి లేదు. ఆ పుస్తకానికి గీతలు గీసినది నేనే. కనుక ఆమె మాట నిజమో కాదో నా రికార్డులో దేనివల్లా తేలదు.

ఆ తర్వాత నా పరిధిలోని ఊళ్లన్నిటిలో మామూలు ఆరుమూలల బోల్టులు వేయించాను. ఆ ఊరికి ఒక మంచి పానా, కొత్త బోల్టులు ఇచ్చి వచ్చాను. తీసుకున్నది వేరొక మనిషి. ఆయన మళ్లీ ఆ బోరింగును ముట్టలేదు. ముట్టినా చేయి సహకరించేది కాదు. ఆయన పానాల కోసం స్టేషనులో అడిగాను. సాక్ష్యం సామాను ఎక్కడో ఉన్నదని, వెతికి పంపుతామని అన్నారు. రాలేదు. కేసు కొట్టివేశారని విన్నాను గాని ఆ కాగితం నేను కళ్లతో చూడలేదు. ఇంకొన్నేళ్లకు నీరు చేతిపంపుకు అందనంత లోతుకు పోయింది. బోరింగు ఉన్నచోటే ఎండి నిలిచిపోయింది. దానిని ఎవరూ దొంగిలించలేదు. ఆయన కుటుంబం కురబలకోట వైపు బంధువుల దగ్గరకు వెళ్లిపోయిందని ఒకరు, బెంగుళూరులో వాచ్‌మన్ పనికి చేరాడని మరొకరు చెప్పారు.

నా జ్ఞాపకంలో ఆ రోజు ఆయన అన్నవి రెండే మాటలు: ఊరివి సార్ అని ఒకటి, మీరు కోపం చేస్తారని ఒకటి. ఆమె చెప్పిన మూడో మాట, పానా కోసం వచ్చి వచ్చి తిరిగిపోయానన్నది, నాకు ఎంత తరచి చూసినా వినిపించదు. ఆయన చెప్పలేదా, చెబుతుండగా నేను అడ్డుకున్నానా, విని కూడా మరచిపోయానా, ఈ మూడింటిలో ఏది నిజమో నేను తేల్చుకోలేకపోతున్నాను. మొదటిదైతే నేను తొందరపడినవాణ్ణి. మూడవదైతే అంతకన్నా చాలా చెడ్డవాణ్ణి. ఆ ఉదయం బిందెలతో అక్కడ నిలబడినవారు పది మందికి తక్కువ ఉండరు. వారిలో ఎవరైనా, వారి ఇంట ఆ మాట విన్నవారెవరైనా, ఇది చదివితే, ఆయన ఏమన్నాడో, నేను ఏమన్నానో చెప్పవలసిందిగా కోరుతున్నాను. ఊళ్ల వరుసలోనో, రోజుల లెక్కలోనో నేను పొరబడి ఉంటే అవీ దిద్దండి. కాని ముందుగా ఆ ఒక్క మాటను దిద్దండి. నాకు అనుకూలంగా దిద్దనవసరం లేదు.